నలభై ఒకటో కవరు

ఆ ప్యాంటు పొట్లం ఇంకా కుర్చీలోనే ఉంది.

టైలరు వచ్చి వెళ్లి రెండు రోజులైంది. అక్క దాన్ని తీయలేదు, ఇంకొకర్ని తీయనివ్వలేదు. ముందుగదిలో ఉన్నవి మూడు కుర్చీలు, ఇంట్లో ఉన్నది ముగ్గురు ఆడవాళ్లు. ఒక కుర్చీ పొట్లానికి పోయింది కాబట్టి రెండు రోజులుగా ఎవరో ఒకరు నిలబడే టీ తాగుతున్నారు. ఆ ఎవరో ఒకరు ప్రతిసారీ చిట్టే.

నిలబడి తాగితే ఒంటబట్టదని అత్తయ్య అంది. అత్తయ్య అంటే అక్కకి అత్తగారు, పోయిన బావకి తల్లి. చిట్టికి సొంత అత్త కాకపోయినా, ఈ ఇంట్లో ఉంటున్న ఆరేళ్లుగా అదే పిలుపు. ఇంట్లో ఎవరూ మాట్లాడకపోతే ఆవిడకి భయం. అందుకని ముగ్గురి మాటలూ తనొక్కతే మాట్లాడుతోంది. కిటికీ రెక్క ఊడి గాలికి కొట్టుకుంటోందనీ, బిగించమని వాడికి ఎన్నిసార్లు చెప్పినా చెవిన పెట్టడనీ గొణిగింది.

వాడంటే బావ. బావ పోయి పదకొండు నెలలైంది. ఆవిడ కొడుకు కోసం ఏడవడం మానేసింది గానీ, తిట్టడం మానలేదు. వంటగదిలో గిన్నె మాడినా వాడే, గడియారం ఆగినా వాడే. మొదట్లో అక్కాచెల్లెళ్లు మొహమొహాలు చూసుకునేవారు. ఇప్పుడు అదీ లేదు. కిటికీ రెక్క టపామన్నప్పుడల్లా ముగ్గురూ అటు చూస్తారు, అంతే.

అక్క బడికి వెళుతోంది, పాఠాలు చెబుతోంది, సాయంత్రానికి గొంతు బొంగురుపోయి వస్తోంది. గడప లోపల అడుగు పెట్టిందంటే మాత్రం నోటికి తాళమే. ఏదడిగినా తల ఊపడమే.

చిట్టి ఆస్పత్రి డ్యూటీకి బయల్దేరి చెప్పులు తొడుక్కుంటుంటే, రెండు రోజుల తర్వాత వెనకనుంచి ఆ గొంతు వినిపించింది.

"ఆయన ఎన్ని కిలోలు పెరిగాడని చెప్పావు ఆ టైలరుకి?"

చిట్టి ఒక చెప్పు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

మొన్న ఆదివారం పట్టపగలు ఆ మనిషి ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. చంకలో పొట్లం, చొక్కా జేబుకి గుచ్చిన సూదీ దారం. తలుపు తీసింది అక్క. సారున్నారా అమ్మా, ఒకసారి తొడిగి చూస్తే తేడా ఉన్నచోట ఇక్కడే కూర్చుని సరిచేసి పోతాను అన్నాడు. ఏ సారు అంది అక్క. మీ వారేనమ్మా, ఒళ్లు చేశారట కదా, మీ చెల్లెలుగారు చెబుతూనే ఉన్నారు అని నవ్వాడు. లోపలినుంచి చిట్టి పరిగెత్తుకొచ్చేసరికి అక్క అనాల్సిన మాట అనేసింది. ఆ మనిషి అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు.

ఆస్పత్రిలో క్యాన్సరుకి కరెంటు పెట్టే గది ముందు బల్ల మీద ఆరువారాల పాటు పక్కపక్కన కూర్చున్న రోగులు వాళ్లిద్దరూ. ఒకే జబ్బు. ప్యాంటు జారిపోకుండా బావ నడుముకి తాడు కట్టుకొస్తుంటే చూడలేక, ఒకటి ఇలా ఇవ్వండి సార్, నడుం బిగించి ఇస్తానని టైలరు అడిగి మరీ తీసుకున్నాడు. ఆ తర్వాత మూడు నెలలకోసారి పరీక్షకి వచ్చినప్పుడల్లా సారెలా ఉన్నారని చిట్టిని అడిగేవాడు. మొదటిసారి చిట్టికి చెప్పడానికి నోరు రాలేదు. బాగున్నారంది. రెండోసారి ఏం తింటున్నారని అడిగాడు. మూడోసారి బరువెంత పెరిగారన్నాడు. అప్పుడే తూకం మీదినుంచి దిగిన ఆ మనిషి బరువునే బావకి అంటగట్టి చెప్పేసింది.

అక్క పొట్లం విప్పి, ప్యాంటు నడుం పట్టీ తిరగేసి వెలుతురుకి పట్టుకుంది.

"చూడు. ముందు బిగించాడు. తర్వాత మూడుసార్లు కుట్లు విప్పి వదులు చేశాడు, నువ్వు చెప్పిన ఒక్కో కబురుకీ ఒక్కోసారి. సూది బొక్కలు మూడు వరసలున్నాయి."

"ఎలా చెప్పాలో తెలియలేదక్కా."

"సరే, అదొక అబద్ధం. మరి ఆస్పత్రిలో ఆ రోజు టోకెన్ల సంగతేంటి? మొన్న అతనే చెప్పాడు. ఆయనది ఏడు, ఆ టైలరుది ఎనిమిది. అతన్ని ముందు ఎందుకు పిలిచారు?"

చిట్టి చేతిలో చెప్పు కింద పెట్టింది. బావ కాగితాలు అప్పటికి రాలేదంది.

"ఏడుకి రాని కాగితాలు ఎనిమిదికి వచ్చాయా?"

"వచ్చాయి."

అక్క చెల్లెలి మొహంలోకి చూసింది. పిల్లలు హోంవర్క్ ఇంట్లో మరిచిపోయామన్నప్పుడు చూసే చూపు అది. ప్యాంటు మడిచింది, పొట్లం కట్టింది, మళ్లీ కుర్చీలో పెట్టింది.

"సరే. వెళ్లు, ఆలస్యమవుతుంది."

అక్క తిట్టి ఉంటే బాగుండేది.

లోపలినుంచి అత్తయ్య అందుకుంది. ఇప్పుడు టోకెన్లు తవ్వుకుంటే ఏం లాభమంది. కోతలు వద్దని తను నెత్తీనోరూ కొట్టుకుందట, విన్నదెవరు? ఆపరేషను చేయించాల్సిందేనని మొండికేసింది ఎవరు? ఆ ఎవరో అక్కే. పదకొండు నెలలుగా రోజూ ఏదో ఒక వేళ ఆ మాట వస్తుంది. అక్క ఎప్పుడూ ఎదురు చెప్పదు. చిట్టీ ఎప్పుడూ అడ్డుపడదు. ఈ రోజు కూడా రెండో చెప్పు వేసుకుని వీధిలోకి వచ్చేసింది.

ఇక్కడ కొంచెం ఆ ఆస్పత్రి సంగతి చెప్పుకోవాలి.

ఆహారనాళంలో క్యాన్సరు వచ్చినవాళ్లకి అక్కడ ఆరువారాలు మందూ, కరెంటూ ఇస్తారు. అదయ్యాక కొంతమందికి పుండు పూర్తిగా మాయమవుతుంది. మాయమైనట్టు కనబడుతుంది అనాలి. అప్పుడేం చేయాలి? ఎందుకైనా మంచిదని ఆ భాగం కోసి తీసేయాలా? లేక కోయకుండా మూడు నెలలకోసారి పరీక్ష చేస్తూ కనిపెట్టుకుని ఉండాలా? కోస్తే కోతతో ప్రమాదం, కోయకపోతే లోపల ఏదైనా మిగిలిందేమోనని భయం. ఏది మంచిదో ప్రపంచంలో ఎవరికీ సరిగ్గా తెలియదు. తెలుసుకోవడానికే పెద్ద డాక్టరు ఈ పరిశోధన మొదలుపెట్టాడు. ఏది మంచిదో నాకు తెలిసుంటే ఇది చేయడం పాపం, తెలియకే చేస్తున్నాను అని ఆయన ప్రతి రోగికీ విడమరిచి చెబుతాడు.

సగం మందికి ఆపరేషను, సగం మందికి పరిశీలన. ఎవరికేది అన్నది రోగి ఎంచుకోకూడదు, డాక్టరు ఎంచుకోకూడదు. ఎక్కడో వేరే ఆఫీసులో చీటీలు కలిపి, కవర్లలో పెట్టి అంటించి, వరసగా నంబర్లు వేసి పంపిస్తారు. సంతకం చేసిన రోగి ముందు, ఆ వరసలో తర్వాతి కవరు చింపాలి. అందులో ఏది ఉంటే అదే. ఆ కవర్ల సొరుగు తాళం చిట్టి దగ్గర ఉంటుంది. పేరుకి నర్సే అయినా ఐదేళ్లుగా చిట్టి పని సూదులూ సెలైన్లూ కాదు. ఈ కవర్లూ, ఫారాలూ, తూకాలూ.

కవరు దళసరిదే. కానీ ఎక్స్‌రేలు చూసే లైటు పెట్టె మీద పెడితే ఆ దళసరితనం ఏ మూలకీ సరిపోదు. ఆ సంగతి చిట్టికి ఒకరోజు పొరపాటునే తెలిసింది. చేతిలో కవరు లైటు మీద పెట్టి, ఫైలు అందుకోబోయి చూస్తే లోపలి అక్షరం కనబడింది. వెంటనే పెద్ద డాక్టరుకి చెప్పాల్సింది. రేపు చెబుదామనుకుంది. రేపు వేరే పనులొచ్చాయి.

తర్వాత బావకి జబ్బు వచ్చింది. ఆరువారాలయ్యాక బావకి పుండు మాయమైంది. అదే రోజు టైలరుకీ మాయమైంది. సొంత మనిషి కవరు నువ్వు తెరవకు, రెండో నర్సు తెరుస్తుంది అని పెద్ద డాక్టరు ముందే చెప్పాడు. రెండో నర్సు ఆ రోజు సెలవు. రేపటిదాకా ఆగమనొచ్చు. చిట్టి ఆగమనలేదు.

ముందురోజు అక్క రెండు చేతులూ పట్టుకుని అడిగింది, ఎలాగైనా ఆపరేషను వచ్చేలా చూడవే అని. అలా చూడడం కుదరదని చిట్టి చెప్పింది. చెప్పిన మాటేమో అది. తెల్లారి సొరుగు తీసి, గది తలుపు మూసి, నలభై ఒకటో కవరు లైటు మీద పెట్టింది. పరిశీలన అని ఉంది. నలభై రెండు పెట్టింది. ఆపరేషను అని ఉంది.

చింపిందేమీ లేదు, అంటించిందేమీ లేదు. కవర్ల వరస కూడా మార్చలేదు. బయటికొచ్చి, బావా నీ కాగితాలు ఇంకా రాలేదు, వెళ్లి టీ తాగిరా అంది. బావ లేచి తాడు సర్దుకుంటూ వెళ్లాడు. ఎనిమిదో నంబరు అని పిలిచింది. అంతే చేసింది.

ఆపరేషను బాగానే జరిగింది. ఆరో రోజున లోపలి కుట్టు దగ్గర కారడం మొదలైంది. పదకొండో రోజున బావ పోయాడు.

అప్పట్నుంచి ఆస్పత్రిలో చిట్టికి ఆ బల్ల వైపు చూడాలంటే హడలు. ఎవరు దగ్గినా బావ దగ్గే. ఎవరు గ్లాసు కింద పెట్టినా బావ టీ తాగి వచ్చాడనే అనిపిస్తుంది. వచ్చి, నా కాగితాలొచ్చాయా చిట్టీ అని అడుగుతాడనిపిస్తుంది. ఇంకా పెద్ద భయం ఆ ఫారంది. నలభై ఒకటో నంబరు ఫారం. అది టైలరుకి వచ్చింది గానీ, వరస ప్రకారం బావది. అందులో మూడో నెల బరువు పెరిగింది, ఆరో నెల పెరిగింది, తొమ్మిదో నెల గట్టి పదార్థం సులువుగా మింగుతున్నాడు. చిట్టి తన చేత్తో రాసింది అదంతా. ఆ కాగితం మీద బావ బతికే ఉన్నాడు.

ఈ రోజు టైలరు పన్నెండో నెల పరీక్ష.

రాడేమో అనుకుంది. వేళకి వచ్చాడు. మామూలుగా అయితే తలుపు దగ్గరనుంచే మొదలుపెట్టేవాడు, సిస్టరమ్మా మీ ఎడమ భుజం కుడిదానికన్నా అరంగుళం దిగింది, ఆ ఫైళ్ల సంచీ చెయ్యి మార్చి మోయండి అని. తన ప్యాంటు తనే నాలుగుసార్లు బిగించుకుని, ఇప్పుడు వరసగా విప్పుకొస్తున్నానని, ఇలా అయితే బట్ట చాలదని నవ్వించేవాడు. ఈ రోజు నవ్వు లేదు. చెప్పులు విప్పి తూకం ఎక్కాడు, దిగాడు. అరవై ఒకటి.

చిట్టి తల వంచుకుని ఫారంలో ప్రశ్నలు అడిగింది. గట్టి పదార్థం మింగగలుగుతున్నారా? మింగుతున్నాను. నొప్పి? లేదు. నిద్ర?

"రెండు రోజులుగా పట్టడం లేదమ్మా," అన్నాడు టైలరు. "ఒకటి అడుగుతాను. ఆయన పోయాడని తెలిస్తే నేను బెదిరిపోతానని, నా మంచికే కదా మీరు చెప్పలేదు?"

పెద్ద మనసున్న మనిషి. తప్పించుకునే దారి తనే చూపించి, తనే పక్కకి తప్పుకున్నాడు. చిట్టి ఆ దారిలో దూరిపోయింది. అవునన్నట్టు తలాడించింది. తలాడిస్తూ తనని తను అసహ్యించుకుంది.

టైలరు కాసేపు తన వేళ్లకున్న సూది గాట్లు చూసుకున్నాడు. ఆ రోజు తనకి ఆపరేషను లేదని తెలిసి ఇదే గదిలో చంటిపిల్లాడిలా ఏడ్చాననీ, మీరే గ్లాసుతో నీళ్లిచ్చారనీ గుర్తు చేసుకున్నాడు. పక్కవాడికి వచ్చింది తనకి రాలేదని ఆయన మీద కుళ్లుకున్నాడట. ఆరువారాలు పక్కన కూర్చున్న మనిషి మీద. ఆ కుళ్లు పోగొట్టుకోవడానికే ప్యాంటు అంత శ్రద్ధగా కుట్టాననీ, తీరా చూస్తే ఇలా అయిందనీ చెప్పి, లేచి చెప్పులు తొడుక్కున్నాడు. వెళ్లేటప్పుడు సిస్టరమ్మా అని కూడా అనలేదు, తల ఒకసారి ఊపి వెళ్లిపోయాడు.

ఆ తలుపు ఇంకా ఊగుతుండగానే పెద్ద డాక్టరు కబురు పెట్టాడు.

ఆయన గదిలో కాగితాల మధ్య మనిషి కనబడడు, జుట్టు మాత్రం కనబడుతుంది. వచ్చేవారం బయటినుంచి తనిఖీ కమిటీ వస్తోందని, ఏడాది నిండిన రోగుల ఫలితాలు వాళ్లే విప్పి చూస్తారని చెప్పాడు. ఈ ఫలితాలు చూసి ఎన్నో ఊళ్ల డాక్టర్లు కోయాలో వద్దో తేల్చుకుంటారట. మనం ఇక్కడ ఒక గీత వంకరగా గీస్తే ఎక్కడో ముక్కూ మొహం తెలియని మనిషి కడుపు మీద పడుతుంది సిస్టర్ అన్నాడు. అని ఒక కాగితం ముందుకు తోశాడు.

కవర్లన్నీ రోగులు వచ్చిన వరసలోనే తెరిచామని అందులో రాసుంది. కింద చిట్టి సంతకానికి చోటు వదిలారు.

"తొంభై కవర్లు. ఒక్క కొట్టివేత లేదు. మిగతా అందరి కాగితాలూ రెండుసార్లు చూశాను, నీవి చూడలేదు. చూడక్కర్లేదు కూడా."

చిట్టి పెన్ను తీసుకుంది. మూత తీసింది. ఆ చోటు వైపు చూస్తుంటే బయట బల్ల మీద ఎవరో దగ్గారు.

"రేపు పెడతాను సార్."

ఆయన కళ్లద్దాల మీదినుంచి చూశాడు. "ఏమైనా ఉందా?"

"లేదు సార్. ఒకసారి చదువుకుని పెడతాను."

నాలుగు వరసలు చదవడానికి రేపటిదాకా ఎందుకో ఆయన అడగలేదు. కాగితం మడిచి చిట్టి చేతికిచ్చాడు. ఆ కాగితం సంచీలో పెట్టుకుని, ఒంట్లో బాగాలేదని చెప్పి, చిట్టి పని పూర్తి కాకుండానే ఇంటిదారి పట్టింది.

ఇంటికి చేరేసరికి ఇంకా ఎండ ఉంది. వీధిలోకే అత్తయ్య గొంతు వినబడుతోంది.

కుర్చీలో కూర్చోబోతూ ఆ పొట్లం తీయమందట ఆవిడ. అక్క తీయలేదట. దాంతో రోజూ వచ్చే మాట మొదలైంది, ఈ రోజు ఇంకాస్త పదునుగా. బట్టలు కాపలా కాస్తే మనిషి వస్తాడా? ఉన్నప్పుడు కాపాడుకోవాలి. కోయించు కోయించు అని ప్రాణం తోడేశావు, కోయించావు, నీ పంతం నెగ్గింది, నా కొడుకు పోయాడు. అక్క గోడకి ఆనుకుని నేలమీద కూర్చుని పిల్లల పుస్తకాలు దిద్దుతోంది. ఎర్ర పెన్ను ఆగలేదు. ఆ పెన్ను ఆగకపోవడం చూసేసరికి చిట్టికి దుఃఖం పొంగుకొచ్చింది.

"అక్క కాదు అత్తయ్యా. నేను."

అత్తయ్య తిరిగి చూసింది. ఏంటే నువ్వు, అంది.

చిట్టి గుమ్మం దాటి లోపలికి రాకుండానే చెప్పేసింది. లైటు పెట్టె, రెండు కవర్లు, టీ తాగిరమ్మని పంపడం, ఎనిమిదో నంబరుని పిలవడం. వరసగా వెళ్లి ఉంటే బావకి ఆపరేషను వచ్చేది కాదని, ఆ టైలరుకి వచ్చేదని చెప్పింది. ఏడుస్తూ చెప్పలేదు. ఫారంలో రాసినట్టు, ముందు జరిగింది ముందు, తర్వాత జరిగింది తర్వాత చెప్పింది. అయిపోయాక గుమ్మంలోనే కూర్చుంది.

మాట లేకపోతే భయపడే అత్తయ్య కూడా మాట్లాడలేదు. చివరికి ఆవిడే పొట్లం ఎత్తి ఒళ్లో పెట్టుకుని, ఆ కుర్చీలో కూర్చుంది.

"పదకొండు నెలలుగా దీన్ని నేనన్న మాటలన్నీ పక్కనే ఉండి విన్నావు కదే."

"విన్నాను."

"ఒక్కరోజైనా ఆపాలనిపించలేదా?"

అత్తయ్య కోడలి వైపు చూడలేక కిటికీ వైపు చూసింది. పొట్లం మీది దారాన్ని గోటితో గీరుతూ ఉంది. తర్వాత చాలా చిన్న గొంతుతో అడిగింది.

"ఆ టైలరుకి అన్నం దిగుతోందా?"

"దిగుతోంది అత్తయ్యా."

"నిమ్మళంగా తింటున్నాడా?"

"తింటున్నాడు."

ఆవిడ తల ఊపింది. మళ్లీ ఊపింది. ఆ తర్వాత ఇక ఆపలేక పొట్లంలో మొహం దాచుకుని ఏడ్చింది, కొడుకు పోయిన మొదటివారం ఏడ్చినట్టు. చిట్టి లేవబోయింది. అక్క చేత్తోనే ఆపింది.

అక్క ఎర్ర పెన్ను మూత పెట్టి, పుస్తకాలు దొంతర పేర్చి పక్కకి జరిపింది. ముందు అత్తగారితో మాట్లాడింది. ఎలాగైనా ఆపరేషను వచ్చేలా చూడమని చిట్టిని అడిగింది తనేనని, అందుకే ఇన్నాళ్లూ మీరన్న మాటలు పడ్డానని చెప్పింది. అది నిజంగా చేస్తుందనుకోలేదు, చేసిందేమోనని మాత్రం మొన్నటిదాకా అడగడానికి ధైర్యం చాలలేదంది. ఆ తర్వాత చెల్లెలి వైపు తిరిగింది.

"నువ్వు దేనికి కుమిలిపోతున్నావు?"

ఇదేం ప్రశ్నో చిట్టికి అర్థం కాలేదు. "బావని నా చేతులారా చంపుకున్నాను."

"కాదు. ఆయన్ని నువ్వు బతికించాలనే చూశావు. అది నాకు తెలుసు, ఆయనకీ తెలుసుంటుంది." అక్క కాస్త దగ్గరికి జరిగింది. "ఆ రోజు మనం ఏమనుకున్నాం? కోస్తేనే బతుకు, కోయకపోతే చావు అనుకున్నాం. డాక్టరు తెలియదంటున్నా మనకి తెలుసనుకున్నాం. అవునా?"

"అవును."

"చావు అనుకున్న కవరు ఎవరి చేతిలో పెట్టావు మరి?"

చిట్టి తల తిప్పి అత్తయ్య ఒళ్లోని పొట్లం వైపు చూసింది.

"నువ్వు చంపబోయింది ఆ టైలర్ని చిట్టీ. నేను చంపమన్నదీ అతన్నే. అతను బతికి బట్టకట్టాడు కాబట్టి మనకెవరికీ ఆ సంగతి తట్టలేదు. మన మనిషి పోయాడని మనం ఏడ్చుకుంటూ కూర్చున్నాం."

ఏడాది పాటు చిట్టి రోజూ, ప్రతి గంటా ఆ ఉదయాన్ని తలుచుకుంది. ప్రతిసారీ తలుపు దగ్గర బావే నిలబడేవాడు. కుర్చీలో కూర్చుని ఏడ్చిన ఇంకో మనిషి ఒక్కసారి కూడా కళ్లముందుకు రాలేదు. ఇప్పుడు వచ్చాడు. అతను ఏడుస్తుంటే తను నీళ్లిచ్చింది, నిజమే. ఇస్తూ లోపల అనుకున్నది కూడా గుర్తొచ్చింది. హమ్మయ్య అనుకుంది.

అక్క లేచి మొహం కడుక్కొచ్చింది. గోడ మీది గడియారం చూసింది.

"షాపు ఆరింటికి కట్టేస్తాడట, మొన్న చెప్పాడు. ఇంకా అరగంట ఉంది. పద."

"వెళ్లి ఏం చెప్పనక్కా?"

"ఇక్కడ మాకు చెప్పిందే."

"ఉద్యోగం పోతుంది. రేపు పెద్ద డాక్టరుకీ చెప్పాలి, కేసు పెట్టినా పెడతారు."

"పెట్టనీ. ముందు అతనికి తెలియాలి. అది నీ నోటితోనే తెలియాలి." ఆగి, ఇంకో మాట కలిపింది. "నేను పక్కనే ఉంటాను. అడిగింది నేనని నేను చెబుతాను."

అత్తయ్య కళ్లు తుడుచుకుని, ఎవరూ పిలవకుండానే లేచి చెప్పులు వెతుక్కుంది.

ఊరికి ఆ చివర, ఇరవై నిమిషాల నడక. ముగ్గురూ వడివడిగా నడిచారు. షాపు చిన్నది, మనిషికీ మెషినుకీ సరిపోయేంత. గోడ నిండా వేరేవాళ్ల బట్టలు, ఒక్కోదానికి ఒక్కో చీటీ. టైలరు మెడలో టేపు వేసుకుని, లైటు కింద తల వంచి ఏదో అంచు మడుస్తున్నాడు. నీడ పడేసరికి తలెత్తాడు. గుమ్మంలో ముగ్గురు ఆడవాళ్లని చూసి కంగారుగా లేచి, ఉన్న ఒక్క స్టూలు మీది బట్టలు కిందికి తోసి, దాన్ని ముందు అత్తయ్య వైపు జరిపాడు.

"ఇంతదూరం మీరెందుకొచ్చారమ్మా, కబురు పెడితే నేనే వచ్చేవాణ్ణి కదా," అన్నాడు. చిట్టి మొహం చూసి గొంతు మారింది. "ఏమైంది సిస్టరమ్మా? పొద్దున చేసిన పరీక్షలో నాకేమైనా తేలిందా?"

మెడలోని టేపుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, జవాబు కోసం చిట్టి పెదాల వైపే చూస్తున్నాడు.